స్విచ్‌లు స్టాకులో ఉన్నవి

పాల్వంచలో స్విచ్ అంటే తెలియనివాళ్లు ఉండరు. ఊళ్లో సగంమంది కరెంటు తయారుచేసే చోట డ్యూటీ చేస్తారు, మిగతా సగం ఆ డ్యూటీవాళ్లకు పాలు పోసో, ఇల్లు కిరాయికిచ్చో బతుకుతారు. బడికి పోని పిల్లను అడిగినా గోడ మీది బోర్డు చూపించి ఇదే స్విచ్ అంటుంది. అలాంటి ఊళ్లో మా షాలేమ్‌రాజు గోడకు ఉండని, దీపం వెలిగించని, చేత్తో నొక్కే పనే లేని ఒక స్విచ్ కావాలని బయల్దేరాడు. ఇక పడరాని పాట్లు పడక ఏం చేస్తాడు?

రెండువేల ఆరు, ఏడు ప్రాంతపు మాట ఇది. ఊరి శివారులోని ఒక ఇనుము ఫ్యాక్టరీలో నేను టైమాఫీసు క్లర్కుని. నా పేరు ప్రమీలారాణి. ఎవరు పనికొచ్చారు, ఎవరికి నాగా పడింది చూడటం నా ఉద్యోగం. నా గదికి ఆనుకునే కంప్యూటర్ గది, అందులో షాలేమ్‌రాజు. నడుమ ఉన్నది పలచని చెక్క గోడ కాబట్టి అతని కోపమంతా నాకు వినపడేది. చర్చికి పోయే మనిషి, నోట బూతు రాదు. "ప్రభువా" అంటాడంతే. ఆ ఒక్క మాటనూ పళ్లు కొరుకుతూ అనే తీరు వింటే మామూలు బూతులే నయమనిపించేది.

అతనిది బోనకల్. తండ్రి రైల్వే గేటు దగ్గర కాపలా ఉండేవాడు. ఖమ్మంలో డిప్లొమా చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు కంప్యూటర్లు బిగించి, పాల్వంచలో నర్సుగా ఉన్న హెప్సిబాను చేసుకుని ఇక్కడే కుదురుకున్నాడు. పొడుగు చేతులు. సర్వర్ల వెనక్కి దూర్చడానికే దేవుడు నీకు ఆ చేతులిచ్చాడని నేను ఆటపట్టించేదాన్ని. మంచివాడే కానీ ఓపిక మచ్చుకైనా లేదు. బస్సు ఆలస్యమైనా, టీ చల్లారినా ఎవరో తన మీద పగబట్టి చేశారన్నట్టు ముఖం పెడతాడు. "ఆయన్ని ఆ తీగలకే ఇచ్చి చేయాల్సింది వదినా" అని హెప్సిబా నా దగ్గర విసుక్కునేది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఫ్యాక్టరీ లెక్కలన్నీ మోసే పెద్ద కంప్యూటర్లను సర్వర్లు అంటారు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే, ప్రతిదాని వెనక నుంచీ తీగలు బయల్దేరి, పక్కనున్న ఒక పాత డబ్బాలోకి పోవాలి. ఎవరి కబురు ఎవరికి పోవాలో చూసి పంపే ఆ డబ్బానే వాళ్ల భాషలో స్విచ్. మా గదిలో వెనక్కి పోయి చూస్తే తీగల చిక్కు తప్ప గోడ కనపడేది కాదు. అందులో ఎలుకలు సంసారం పెట్టేవి. ఏసీ ఉన్నా తలుపు సందుల్లోంచి నల్లటి దుమ్ము దూరేది. ఒకరోజు ఒక తీగ మొన వదులయ్యేది, ఇంకోరోజు ఇంకోటి తెగేది. అన్నీ బాగున్నరోజున ఆ పాత డబ్బాయే బరువు మోయలేక మొరాయించేది.

అది మొరాయిస్తే దెబ్బ తగిలేది గేటు దగ్గర. కాంట్రాక్టు మనుషులు కార్డు పెడితే అక్కడి మిషన్ సర్వర్‌ను అడుగుతుంది. సర్వర్ సరే అంటే పచ్చ లైటు. షిఫ్టు మారే వేళ అందరూ ఒక్కసారే వచ్చిపడతారు, సరిగ్గా అప్పుడే సర్వర్ జవాబు రాదు. పచ్చ లైటు లేనిదే కాంట్రాక్టు మనిషిని లోపలికి పంపొద్దని సెక్యూరిటీకి ఆర్డరు. పర్మినెంటువాళ్లు బ్యాడ్జీ చూపించి దర్జాగా నడిచిపోతారు. మిగతావాళ్లు ఎండలో నిలబడి నిలబడి ఇంటికి పోతారు. వచ్చిన మనిషికి రాలేదని పడుతుంది. ఇదేం న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

అట్లా నిలబడేవాళ్లలో హేమ్లా ఒకడు. మణుగూరు రోడ్డు మీద అడవి అంచు తండా నుంచి మొదటి బస్సుకు వచ్చేవాడు. షెడ్డులో లోడింగ్ పని. భార్య సోమ్లికి గుండెలో వాల్వు చెడిపోయింది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. ఆపరేషన్ చేయాలన్నారు. కంపెనీలో పర్మినెంటు అయితే ఇంటివాళ్ల వైద్యం కంపెనీదే, హైదరాబాదు పెద్ద దవాఖానాకు కూడా వాళ్లే పంపిస్తారు. కొత్త షెడ్డు మొదలుపెడుతూ మేనేజరు ఒక ప్రకటన చేశాడు. వచ్చే ఏడాదంతా ఒక్క నాగా లేకుండా పనికొచ్చిన కాంట్రాక్టు మనుషులను పర్మినెంటు చేస్తారట. హేమ్లా ఆ మాటను పట్టుకున్నాడు. జ్వరమొచ్చినా వచ్చేవాడు. తండాలో పెళ్లయినా, తీజ్ పండగైనా వచ్చేవాడు. అతను రావడం మానలేదు, మిషనే మానేది.

మొదట్లో ఇబ్బంది లేకుండా గడిచింది. మిషన్ మొరాయించినప్పుడు షాలేమ్‌రాజే హేమ్లా చెయ్యి పట్టుకుని నా గదిలోకి లాక్కొచ్చేవాడు.

"అక్కా, నెట్‌వర్క్ పోయింది. తప్పు నాది, ఈ మనిషిది కాదు. రాయి, వచ్చిండని రాయి" అనేవాడు. నేను చేత్తో దిద్దేదాన్ని. హేమ్లా రెండు చేతులూ జోడించి, షెడ్డు వైపు పరుగెత్తేవాడు.

"ఎన్నిసార్లు దిద్దుతవ్ అక్కా? మూలం సక్కబడకుంటే ఏం లాభం?" అని షాలేమ్‌రాజు నా మీదే అరిచేవాడు. నేనేదో ఆపినట్టు!

ఆ మూలం సక్కబెట్టే మందు అతనికి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక ఇంజనీరు చూపించాడు. బ్లేడ్ సర్వర్లట. ఒకే పెట్టె, దాంట్లో బీరువా అరల్లోకి పుస్తకాలు దూర్చినట్టు పల్చటి సర్వర్లు దూరుస్తారు. అసలు గొప్ప వెనకవైపు ఉంది. ఆ పెట్టె వెనక స్విచ్ కూడా లోపలికే దూరుతుంది. ఒక్కో సర్వర్ నుంచీ తీగ లాగే పనే లేదు. లోపలున్న పలకలోనే దారులు పోసి ఉంటాయి, సర్వర్లు లోపల్లోపలే మాట్లాడుకుంటాయి. బయటికి వచ్చేవి రెండో మూడో తీగలు. వేగం పాతదానికి పదింతలు. ఒకటి కాదు, రెండు స్విచ్‌లు పెడతారు. ఒకటి చచ్చినా రెండోది పని నడిపిస్తుంది. ఎక్కడ తేడా ఉందో చూడటానికి పాకుతూ పోనక్కరలేదు, కుర్చీలో కూర్చుని తెర మీద చూడొచ్చు. అదివరకు కాలనీలో ఇంటింటివాళ్లూ వీధి కుళాయి దగ్గర బిందెలతో కొట్టుకునేవాళ్లం, తర్వాత ఇంట్లోకే కుళాయి వచ్చింది కదా, అదీ ఇదీ ఒకటే అని నాకు అర్థమయ్యేలా చెప్పింది షాలేమ్‌రాజే.

చెప్పడం అంటే నా ఒక్కదానికే కాదు. కనపడినవాళ్లందరికీ చెప్పాడు. క్యాంటీన్‌లో ప్లేటు చల్లారిపోయేదాకా చెప్పాడు. కొత్తగూడెం బస్సులో పక్కసీటువాడు ఇల్లెందు క్రాస్‌రోడ్డు రాకముందే దిగిపోయాడట. బుధవారం ప్రార్థన కూటంలో ప్రార్థన మనవులు అడిగితే లేచి నిలబడి, "మా కంపెనీకి రెండు స్విచ్‌లు రావాలని ప్రార్థించండి" అన్నాడు. పాస్టరు గారు కళ్లు మూసుకుని, "తండ్రీ, చీకటిలో ఉన్న ఆ కంపెనీవారికి వెలుగు దయచేయుము" అని దీర్ఘంగా ప్రార్థించారు. అందరూ ఆమేన్ అన్నారు. షాలేమ్‌రాజు కూడా అనాల్సొచ్చింది. ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదని హెప్సిబా చెప్పింది. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ నవ్వు ఎంతోకాలం నిలవలేదు.

మేనేజరుకు పెద్ద నోటు రాశాడు. ఈ స్విచ్‌లున్న పెట్టె వస్తే గేటు దగ్గర ఒక్క కార్డు కూడా తప్పిపోదని రాశాడు. మేనేజరు గుంటూరు వైపు మనిషి, కొత్త వస్తువులంటే ఇష్టం. సరేనన్నాడు. కొనాల్సిన సామాన్ల ఇండెంటులో షాలేమ్‌రాజు బ్లేడ్ పెట్టె, సర్వర్లు రాసి, కింద 'స్విచ్‌లు, రెండు' అని రాశాడు. అక్కడే కొంప మునిగింది.

మా ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. ఇండెంటులో ఫ్యూజు, వైరు, హోల్డరు, స్విచ్ అన్న మాట కనిపిస్తే ఆ కాగితం ఎలక్ట్రికల్ సెక్షన్‌కు పోవాలి. స్టోరులో సరుకు పెట్టుకుని మళ్లీ కొంటారేమోనని పెట్టిన పద్ధతి. అక్కడి ఫోర్‌మన్ గోపాలన్న నిక్కచ్చి మనిషి, కంపెనీ సొమ్ము ఒక్క మేకు పోనివ్వడు. ఆయన స్టోరు బీరువా తెరిచి చూసుకుని, 'స్విచ్‌లు స్టాకులో ఉన్నవి, కొననక్కరలేదు' అని రాసి సంతకం పెట్టాడు. కొనేవాళ్లు ఆ వరుస కొట్టేశారు. స్విచ్‌లకు బదులు, ప్రతి సర్వర్ తీగనూ యథాతథంగా వెనక్కి వదిలే ఉత్త పలకలు ఆ పెట్టెకు బిగించి పంపించమన్నారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, ఒక్కడు కూడా ఇదేమిటని అడగలేదు. షాలేమ్‌రాజునైతే ఎవరూ పిలవనే లేదు.

పెట్టె వచ్చినరోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అట్టలు విప్పాడు, సర్వర్లు చూసి మురిశాడు, వెనక్కి తిప్పాడు. అంతే, గోడ అవతల చప్పుడు ఆగిపోయింది. "ప్రభువా" అన్న మాట కూడా రాలేదు. భయమేసి నేనే లేచి పోయాను. వెనకవైపు వరుసగా బొక్కలు, ఒక్కో బొక్కకూ ఒక్కో తీగ పెట్టుకోవాల్సిందే. పాత సర్వర్లకంటే ఎక్కువ తీగలు. అదే సమయానికి ఎలక్ట్రికల్ సెక్షన్ నుంచి గోపాలన్న స్వయంగా వచ్చాడు. చేతిలో చెక్క బోర్డు, దానికి తళతళా రెండు తెల్ల స్విచ్‌లు.

"ఇగో షాలేమ్, నువ్వడిగిన సామాను. ఏ గోడకు కొట్టాలె?" అన్నాడు.

"ఏందన్నా గిది?"

"స్విచ్‌లు. రెండడిగినవ్ కద. ఐదు ఆంపులు సాలవా? పదిహేనుయి గూడ ఉన్నయ్."

షాలేమ్‌రాజు ఆ బోర్డు అందుకుని బల్ల మీద పెట్టాడు. "అన్నా, నీ మీద కోపం చేసి ఏం లాభం" అన్నాడు పళ్లు కొరుకుతూ. గోపాలన్న పాపం బిక్కమొహం వేశాడు. ఆయన తప్పు ఏముంది? ఆయన బతుకంతా స్విచ్ అంటే అదే.

మళ్లీ ఇండెంటు పెట్టాడు. మళ్లీ ఎలక్ట్రికల్‌కు పోయింది, మళ్లీ స్టాకులో ఉన్నవనే వచ్చింది. గోపాలన్న ఈసారి రాయనన్నా ఆయన పై ఆఫీసరు ఒప్పుకోలేదు. ఒకసారి ఉన్నవని రాసి, ఇప్పుడు లేవంటే ఆడిట్‌లో పట్టుకుంటారట. షాలేమ్‌రాజు మేనేజరు దగ్గరికి పోయి ఇవి వేరే స్విచ్‌లని చెప్తే, "వేరేవి ఏముంటాయయ్యా, తయారుచేసే కంపెనీ వేరా?" అన్నాడాయన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. చేసేది లేక మూలన పడున్న ఇంకో పాత డబ్బాను తెచ్చి, రెండింటినీ గొలుసు కట్టి, కొత్త పెట్టె తీగలన్నీ వాటిలోకే గుచ్చాడు. సర్వర్లు ఎంత కొత్తవైతే ఏం, కబురు పోవాల్సింది ఆ ఇరుకు సందులోంచే. షిఫ్టు మారే వేళకు గేటు మిషన్ మునుపటికంటే ఎక్కువగా మొరాయించడం మొదలుపెట్టింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మేనేజరు ఇంకో ఆర్డరు వేశాడు. కొత్త సర్వర్లు వచ్చాయి కాబట్టి ఇకనుంచి టైమాఫీసులో చేత్తో దిద్దినవి చెల్లవు, కంప్యూటర్ చెప్పిందే లెక్క.

ఆ తర్వాత మిషన్ మొరాయించిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. షాలేమ్‌రాజు ఎప్పటిలాగే హేమ్లాను లాక్కొచ్చాడు.

"అక్కా, రాయి."

"రాసినా చెల్లదు తమ్ముడూ. ఆర్డరు వచ్చింది" అన్నాను.

"ఏంది అక్కా, నువ్వు గూడ గిట్లంటవ్? మనిషి నీ ముందటనే నిలబడ్డడు గదా! కండ్లకు కనపడుతలేడా?"

"నాకు కనపడుతుండు. కంప్యూటర్‌కు కనపడాలంట."

హేమ్లా మా ఇద్దరి ముఖాలూ చూసి, "పోనీ సార్, ఒక్క దినమే గదా. మేనేజర్ సారు అర్థం చేసుకుంటడు" అని మాకే ధైర్యం చెప్పి పోయాడు. ఆ ఒక్కటి తర్వాత ఇంకోటి పడింది. ఇంకొన్ని పడ్డాయి. ఆరోజుల్లో సోమ్లిని ఒకసారి చూశాను. ఏదో అడగడానికి గేటు దాకా వచ్చి, మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకోవడానికి తంటాలు పడుతోంది. నాకంటే పదేళ్లు చిన్నది.

షాలేమ్‌రాజు ఆ రోజుల్లో మనిషిలా లేడు. ఎలుకల బోనులు పెట్టాడు, తీగల మొనలు రోజూ తుడిచాడు, షిఫ్టు వేళకు తానే ఆ డబ్బాల పక్కన కాపలా కూర్చున్నాడు. అయినా ఆగలేదు. ఒకరోజు నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడితే, నాకు ఒళ్లు మండి అన్నాను.

"స్విచ్ అంటే పోయేది ఎలక్ట్రికల్‌కే గదా. ఆ మాటెందుకు రాస్తవ్? స్పేర్ పార్ట్ అని రాయి. పెట్టెకు వెనక స్పేర్ పార్టులు, రెండు. అంతే."

"స్పేర్ పార్టా? గదే ప్రాణం అక్కా! ప్రాణాన్ని స్పేర్ పార్ట్ అని రాయాల్నా?"

"ప్రాణం అని రాస్తే దవాఖానాకు పోతది కాగితం. నేను చెప్పినట్టు రాయి."

రాశాడు. ఆ కాగితం ఎక్కడా ఆగలేదు, ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. నెల తిరక్కుండా చిన్న అట్టపెట్టెలో రెండు స్విచ్‌లు వచ్చాయి. నిజం చెప్పొద్దూ, ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను మాత్రం వాటిని ముందు పెట్టుకుని, "ఒక్క మాట అక్కా. ఒక్క మాట మారిస్తే వచ్చేదానికి ఇంతకాలం పోగొట్టిన" అని తల బాదుకున్నాడు. ఓదార్చబోతే కసిరాడు.

ఉత్త పలకలు ఊడదీసి, వాటి చోట ఆ రెండూ దూర్చాడు. సొరుగు మూసినంత తేలిగ్గా దూరాయి. ఆ సాయంత్రం అతను చంకనిండా తీగలు తెచ్చి వరండాలో పడేస్తుంటే నలుగురూ వచ్చి చూశారు. గది వెనక గోడ మొదటిసారి కనపడింది. మర్నాడు షిఫ్టు వేళకు నేనూ గేటు దగ్గర నిలబడ్డాను. కార్డు పెట్టడమే ఆలస్యం, పచ్చ లైటు. మనుషులు ఆగకుండా నడిచి పోతున్నారు. ఆ తర్వాత ఆ ఏడాది పూర్తయ్యేదాకా ఒక్కసారి కూడా మిషన్ మొరాయించలేదు. అతను అందరికీ చెప్పినవన్నీ అక్షరాలా నిజమయ్యాయి. మేనేజరు పెద్దాఫీసు నుంచి వచ్చినవాళ్లకు ఆ గది చూపించి, తన తెలివే అన్నట్టు చెప్పుకున్నాడు.

ఏడాది చివర పర్మినెంటు అయినవాళ్ల పేర్లు చదివారు. హేమ్లా పేరు లేదు.

షాలేమ్‌రాజు మేనేజరు గదిలోకి తలుపు కూడా తట్టకుండా పోయాడు. ఎక్కడ నోరు జారి ఉద్యోగం పోగొట్టుకుంటాడోనని నేనూ వెనకే పోయాను.

"సార్, హేమ్లా ఒక్కరోజు గూడ మానలేదు. నాగాలు పడ్డయన్నీ నెట్‌వర్క్ తప్పులు. నేను రాసిస్త" అన్నాడు.

మేనేజరు శాంతంగానే మాట్లాడాడు. "నీ నోటులో నువ్వేం రాశావు? ఈ సిస్టమ్ వస్తే ఒక్క కార్డు కూడా తప్పిపోదని రాశావు. నేను కళ్లారా చూస్తున్నాను, నిజంగానే తప్పట్లేదు. ఆ సిస్టమే చెబుతోంది అతను రాలేదని."

"అవి స్విచ్ రాకముందటి నాగాలు సార్."

"అప్పటికే కొత్త సర్వర్లు వచ్చాయిగా?"

"సర్వర్లు వచ్చినయ్ సార్. స్విచ్‌లే లేకుండె."

"లేకపోవడమేంటి?" మేనేజరు ఫైలు తీయించి, వేలు పెట్టి చూపించాడు. "స్విచ్‌లు స్టాకులో ఉన్నవని ఎలక్ట్రికల్ వాళ్లు సంతకం పెట్టారు. రెండుసార్లు పెట్టారు. ఉన్నవి నువ్వు బిగించుకోకపోతే కంపెనీ ఏం చేస్తుంది?"

షాలేమ్‌రాజు ఆ రెండు సంతకాలూ చూశాడు. కోపం కూడా రాలేదు. అది చూసి నాకే ఏడుపొచ్చింది, ఆ మేనేజరు మీద, ఆ ఫైలు మీద, మా అందరి మీద కసి పుట్టింది. బయటికి వచ్చేశాం.

హేమ్లా గేటు లోపల మా కోసం నిలబడి ఉన్నాడు. సంగతి మా ముఖాల్లోనే తెలిసిపోయింది. సోమ్లిని ఖమ్మం పెద్ద దవాఖానాలో చూపించి, అక్కడ లైనులో పేరు రాయిస్తానన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు అడిగాడు.

"సార్, మీరు అందరికి చెప్తుంటరు గదా, ఆ స్విచ్ గురించి. నాకెన్నడు చెప్పలే. గది ముందుగాలనే వచ్చుంటే నాకు నాగాలు పడకపోవునా?"

బస్సులోనూ క్యాంటీన్‌లోనూ గంటలకొద్దీ చెప్పిన మనిషి, ఒక్క మాటే అన్నాడు.

"అవ్."

"గట్లయితే మంచి సామానే సార్" అని, హేమ్లా షిఫ్టుకు పోయాడు.